దాతల చెట్టుకు నీళ్ళు

ఆ పొద్దున కూడా నాన్న కూతురితో నేరుగా మాట్లాడలేదు. చెప్పదలుచుకున్నది మరదలి చేత చెప్పించాడు. కూతురేమో అదే బల్ల దగ్గర, చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చుని రొట్టె తింటోంది.

“మఠం అమ్మగారు మధ్యాహ్నం కారు వేసుకుని వస్తారట. సర్టిఫికెట్లూ బట్టలూ సర్దుకుని ఉండమంటున్నాడు మీ నాన్న,” అంది పిన్ని.

“ఆయన ఇక్కడే ఉన్నాడుగా. ఆయన్నే చెప్పమను.”

పిన్ని బావ ముఖంలోకి చూసింది. బావ టీ గ్లాసులోకి చూశాడు.

“ఈరోజే ఆఖరని తెలుసుగా నీకు,” అంది పిన్ని, ఈసారి తన సొంత మాటగా. “అక్కడైనా ఇక్కడైనా సాయంత్రం కౌంటరు మూసేలోపు చేరాలి. మొండికేసి కూర్చుంటే రెండూ పోతాయి.”

“రెండూ ఎందుకు పోతాయి? నాన్న నాతో వచ్చి ఒక్క సంతకం పెడితే పెద్ద యూనివర్సిటీలో ఇవాళే చేరిపోతాను.”

గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. అంతే. నాన్న లేచి గుమ్మం దగ్గర బూట్లు వేసుకుని, తాళాల గుత్తి జేబులో పడేసుకుని పనికి వెళ్ళిపోయాడు. తలుపు మెల్లగానే వేశాడు. ఆయన తలుపు విసిరికొట్టే రకమైతే ఆ ఇంట్లో అందరికీ కాస్త ఊపిరాడేది.

ఆ ఇంట్లో అమ్మాయి పేరు డాక్టరమ్మ. చిన్నప్పుడు కాలు విరిగిన బొమ్మకు పుల్ల పెట్టి కట్టు కట్టిందని అమ్మ సరదాకి పెట్టిన పేరది. నాన్న దాన్ని నెత్తికెత్తుకున్నాడు. మా డాక్టరమ్మ లేచిందా, మా డాక్టరమ్మ తిన్నదా అని వీధి వీధంతా వినేలా అడిగేవాడు.

ఆయన ఉద్యోగం పెద్ద యూనివర్సిటీలోనే, వైద్య విద్యార్థులకు శరీర నిర్మాణం నేర్పే విభాగంలో. జనం చదువు కోసం రాసిచ్చిపోయిన దేహాలను మందునీళ్ళ తొట్లలో చెడకుండా కాపాడడం, తరగతులు మొదలయ్యాక బల్లల మీదికి చేర్చడం ఆయన పని. విద్యార్థులు తొట్ల మాస్టారు అని పిలుస్తారు. ఆ పిలుపులో వెటకారం ఎంతో ఆయన ఏనాడూ పట్టించుకోలేదు. మాస్టారన్న ముక్క ఒక్కటీ ఆయనకు చాలు.

అలాంటి మనిషి, మా యూనివర్సిటీ అని తానే రాళ్ళు మోసి కట్టినట్టు చెప్పుకునే మనిషి, కూతురికి అక్కడ సీటొచ్చిందని తెలిసిన సాయంత్రమే తెల్లకోటు కొనుక్కొచ్చి తలుపు వెనక తగిలించిన మనిషి, వారం తిరక్కుండా ప్లేటు ఫిరాయించాడు. అక్కడ వద్దు, మఠం వాళ్ళ దాంట్లో చేరు అన్నాడు. ఎందుకో చెప్పలేదు. కోటు మాత్రం ఇంకా ఆ తలుపు వెనకే వేలాడుతోంది.

మఠం వాళ్ళది ఊరి చివర గుట్ట మీద ఉన్న చిన్న యూనివర్సిటీ. సన్యాసినులు నడుపుతారు. గుప్పెడుమంది పిల్లలు, రెండు పూటలా ప్రార్థన గంట, గేటు దాటాలంటే చీటీ. మనిషి దేహాన్ని కోయడం పాపమని వాళ్ళ నియమం కాబట్టి అక్కడ ప్లాస్టిక్ బొమ్మల మీద, కంప్యూటరు తెరల మీద నేర్పుతారు. మొన్నమొన్నటి దాకా నాన్న ఆ మాట తలుచుకుని పడీ పడీ నవ్వేవాడు. వాళ్ళు తయారుచేసేది బొమ్మలాట డాక్టర్లను అనేవాడు.

పిన్నికి మాత్రం కాళ్ళు నేల మీద ఆనడం లేదు. మఠం వాళ్ళ తెల్లబట్టలన్నీ ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేసేది ఆమే. ముందు గది నిండా ఆ దొంతర్లే. ఎవరైనా వస్తే ముందు కుర్చీ మీది దొంతర తీసి మంచం మీద పెట్టాలి, ఆ తర్వాతే కూర్చోమనాలి. ఇన్నేళ్ళుగా తను పెట్టుకున్న మొర ఆలకించి దేవుడు బావ మనసు మార్చాడని ఆమె నమ్మకం.

“ఎవరి మనసూ ఊరికే మారదు పిన్నీ,” అంది డాక్టరమ్మ ఎంగిలి పళ్ళెం తీస్తూ.

“దేవుడు మారుస్తాడు.”

“దేవుడికి నా సీటు తప్ప వేరే పనేం లేదా?”

పిన్ని ఇస్త్రీపెట్టెను బట్ట మీద నొక్కిపట్టింది. “మీ అమ్మా ఇలాగే పెడసరంగా మాట్లాడేది. చివరికి పూడ్చుకోవడానికి మాకు ఒళ్ళైనా మిగల్చలేదు.”

అది ఆ ఇంట్లో అనకూడని మాట. అనేశాక పిన్ని కూడా తలెత్తలేదు.

అమ్మ పోయి రెండేళ్ళు దాటింది. బడి చదువుతో ఆగిపోయిన మనిషి. జబ్బు ముదిరాక తన దేహాన్ని పెద్ద యూనివర్సిటీకి రాసిచ్చింది. “చదువుకోడానికి ఎటూ పోలేదు, చదువుగానైనా పోతాను. మొగుడి చేతులమీదుగా యూనివర్సిటీలో సీటంటే మాటలా?” అని నవ్వింది. పిన్ని ఏడ్చి గోల చేసి, అన్నం మానేసి, చివరికి నోరు మూసుకుంది. డాక్టరమ్మ మాత్రం ఆ నవ్వు చూసిన రోజే తానేం చదవాలో నిశ్చయం చేసుకుంది.

అమ్మ పోయిన ఏడాదికి నాన్న ఓ సాయంత్రం ఇంటికొచ్చి, అమ్మ పని పూర్తయిందన్నాడు. మిగిలిన బూడిదను యూనివర్సిటీ తోటలో, దేహాలిచ్చినవాళ్ళ గుర్తుగా నాటిన దాతల చెట్టు మొదట్లో కలిపారని చెప్పాడు. అప్పటినుంచీ ఆదివారం వస్తే చాలు, పిన్ని సీసాలో నీళ్ళు నింపుకుని వెళ్ళి ఆ చెట్టుకు పోస్తుంది. మొదట్లో ససేమిరా ఒప్పుకోనిది ఆమే, ఇప్పుడు ఎండైనా వానైనా ఒక్క వారం తప్పనిదీ ఆమే.

డాక్టరమ్మ ఇంకేమీ అనకుండా సర్టిఫికెట్ల సంచి భుజాన వేసుకుని బయల్దేరింది. ఎక్కడికని పిన్ని అడగలేదు.

పెద్ద యూనివర్సిటీ ఎంత పెద్దదంటే ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోవడానికి లోపలే బస్సులున్నాయి. అడ్మిషన్ల హాల్లో క్యూలు మెలికలు తిరిగి మెట్ల మీదికి పాకాయి. ముందున్నవాడెవరో వెనకున్నవాడికి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. పిన్నికి భయం పుట్టించేది సరిగ్గా ఇదే. డాక్టరమ్మకు నచ్చిందీ ఇదే. ఇక్కడ ఎవరూ ఆమెను తల్లిలేని పిల్ల అని తల నిమరరు.

కౌంటరులో గుమాస్తా కాగితాలన్నీ తిరగేసి, అన్నీ సరిగ్గానే ఉన్నాయన్నాడు. పుట్టిన తేదీ దగ్గర ఆగాడు. ఇంకా మైనరు కాబట్టి తండ్రి వచ్చి తన ఎదురుగా సంతకం పెట్టాలన్నాడు. తండ్రి ఇక్కడే పనిచేస్తాడని ఆమె చెప్పింది. ఎవరని అడిగితే అదీ చెప్పింది. అంతసేపూ కొరకొరా చూసిన గుమాస్తా ముఖం విప్పారింది. తొట్ల మాస్టారి అమ్మాయివా, అయితే ఇంకేం, ఒక్క కేకేస్తే వస్తాడు అన్నాడు.

కేకేస్తే వచ్చేవాడైతే ఈ గొడవ పోయిన వారమే తేలిపోయి ఉండేది.

నాన్న పనిచేసే హాలు ఆ పక్క భవనంలో, కింది అంతస్తులో ఉంది. తరగతులు ఇంకా మొదలవలేదు కాబట్టి స్టీలు బల్లలు కడిగి ఖాళీగా ఉంచారు. గోడలోని పెద్ద ఫ్యాన్లు గాలిని బయటికి తోడుతున్నా, మందు వాసన కళ్ళు మండిస్తూనే ఉంది. ఒక వారగా తొట్లు, వాటి మూతలను పైకి లాగే గొలుసులు. నాన్న రబ్బరు బూట్లు, రబ్బరు ఏప్రను వేసుకుని పైపుతో నేల కడుగుతున్నాడు. గుమ్మం దగ్గర వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు.

“కౌంటరు దాకా రా నాన్నా. అయిదు నిమిషాల పని.”

నాన్న పైపు ఆపలేదు. మఠం అమ్మగారితో అంతా మాట్లాడేశానన్నాడు. వాళ్ళ గడువు ఎప్పుడో దాటిపోయినా ఇవాళ్టి దాకా సీటు అట్టేపెట్టి ఉంచారని, ఆ మర్యాద అందరికీ దక్కదని అన్నాడు. ఎన్ని రోజులకో తనతో నేరుగా మాట్లాడుతున్నాడు కదా అని డాక్టరమ్మకు ఆశ పుట్టింది.

“కారణం చెప్పు. ఒక్కటంటే ఒక్క కారణం చెబితే నోరు మూసుకుని ఆ గుట్ట ఎక్కుతాను.”

“నువ్వు చాలవు,” అన్నాడు నాన్న.

“దేనికి?”

“ఈ చదువుకి. మార్కులొచ్చాయి, కాదనను. మార్కులొచ్చినవాళ్ళు నాకు కొత్తేం కాదు. మొదటిరోజు మూత తీయగానే నాకు తెలిసిపోతుంది, ఎవరు నిలుస్తారో ఎవరు బయటికి పరిగెత్తి కక్కుకుంటారో. నువ్వు కక్కుకునే రకం. పెరట్లో పిల్లి చస్తే వారం రోజులు జ్వరం తెచ్చుకున్నదానివి. మీ అమ్మ మీది జాలిలోంచి పుట్టింది నీ చదువు. జాలితో వచ్చినవాళ్ళు ఇక్కడ నెల తిరిగేసరికి కనపడరు. అప్పుడు పోయేది నా పరువు.”

వాచ్‌మన్ పేపరు మడవలేదు కానీ పేజీ తిప్పడం మానేశాడు.

ముఖం మీద చరిచినట్టు అయింది డాక్టరమ్మకి. ఏడుపు రాకుండా ఉండడం కోసం దేన్నో ఒకదాన్ని చేతిలోకి తీసుకోవాలనిపించింది. పక్క బల్ల మీద నూలు నాడా చుట్ట కనిపించింది.

ఇక్కడ పేర్లుండవు, నంబర్లే. ఒక్కో దేహం చీలమండకు నంబరు బిళ్ళ కడతారు. ఏళ్ళ తరబడి నీళ్ళలో నానినా జారని ముడి ఒకటి నాన్న సొంతంగా సాధించాడు. అది విప్పడానికి రాదు, కత్తెరతో కోయాల్సిందే. ఆ విభాగంలో ఇంకెవరికీ అది పట్టుబడలేదు. చిన్నప్పుడు డాక్టరమ్మ మాత్రం ఆయన వేళ్ళ కదలిక చూసి చూసి నేర్చేసుకుంది. ఇంట్లో కుర్చీల కాళ్ళన్నిటికీ ముళ్ళు వేసి అమ్మ చేత తిట్లు తినేది. ఆ తిట్లకు నాన్న మురిసిపోయేవాడు.

నాడా ముక్క కత్తిరించి, బల్ల కాలికి చుట్టి, ఆ ముడి వేసింది. రెండు కొసలూ లాగి చూపించింది.

“చెయ్యి వణికిందా?”

“ముడి నేనూ వేస్తాను,” అన్నాడు నాన్న. “డాక్టర్నయ్యానా?”

“సరే, అయితే ఇప్పుడే మూత తియ్యి. నిలుస్తానో పరిగెత్తుతానో నువ్వే చూద్దువుగాని.”

తొట్ల వెంట విసవిసా నడిచింది. అన్నిటికన్నా చివర, గోడ మూలకు ఉన్న తొట్టి దగ్గర ఆగి గొలుసు మీద చెయ్యి వేసింది. వెనక పైపు నేల మీద పడిన చప్పుడు విన్నది. నాన్న అంత వేగంగా నడవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. వచ్చి జబ్బ పట్టుకుని ఒక్క తోపు తోశాడు. తడి నేల మీద కాలు జారి ఆమె మోకాలి మీద పడింది. ఆయన చెయ్యి అందించలేదు. తొట్టికి వీపు ఆనించి, రెండు చేతులూ చాచి, అడ్డంగా నిలబడ్డాడు.

ఆ ముఖంలో ఉన్నది అసహ్యం అనుకుంది డాక్టరమ్మ. ఇంకొంచెం నిదానంగా చూసి ఉంటే అది భయమని తెలిసేది. కానీ అంత అవమానంలో ఎవరు నిదానంగా చూస్తారు?

తనే లేచింది. వాచ్‌మన్ వింటున్నాడని తెలిసే అన్నది.

“తొట్లు కడిగేవాడివి నువ్వు. ఎవరు డాక్టరవుతారో చెప్పడానికి నువ్వెవరు?”

“నిజమే,” అన్నాడు నాన్న. పైపు తీసుకుని మళ్ళీ నేల కడగడం మొదలుపెట్టాడు.

ఇంటికి వచ్చేసరికి పిన్ని పెట్టె సర్దేసి గుమ్మంలో పెట్టింది. తెల్లకోటు అందులో పెట్టలేదు. మఠంలో వాళ్ళ యూనిఫారం వాళ్ళే ఇస్తారట. డాక్టరమ్మ పెట్టెను కాలితో పక్కకు నెట్టి, తడిసిన మోకాలితోనే వెళ్ళి మంచం మీద కూర్చుంది. పడ్డావా అని పిన్ని అడిగింది. పడేశాడు అంది. ఆడపిల్లకు అంత నోరు ఉండకూడదంది పిన్ని.

నాన్న పని మధ్యలో సెలవు చెప్పి వచ్చాడు. బూట్లు గుమ్మం దగ్గర విప్పి, స్నానం చేసి, తల దువ్వుకుని కూర్చున్నాడు. మఠం వాళ్ళ నీడ పడితేనే చిరాకుపడే మనిషి, ఇవాళ వాళ్ళ కారు చప్పుడు కోసం చెవులు రిక్కించి ఉన్నాడు.

మఠం అమ్మగారు సన్నగా, శుభ్రంగా, తెల్లగా ఉన్నారు. ఒంటి మీది బట్టలు పిన్ని ఇస్త్రీ చేసినవే. గొంతు పెంచి మాట్లాడడం ఆమె జీవితంలో ఎప్పుడూ అవసరపడినట్టు లేదు. తమది చిన్న చోటనీ, ప్రతి పిల్లనూ పేరు పెట్టి పిలుస్తామనీ, పెద్ద చోట అంకెగా మిగిలిపోవడం కన్నా చిన్న చోట మనిషిగా ఉండడం మేలనీ చెప్పారు. పిన్ని ప్రతి ముక్కకీ తల ఊపింది. పొద్దున ప్రార్థనకు రాకపోతే ఏమవుతుందని డాక్టరమ్మ అడిగితే, రాకుండా ఉండాలని ఎవరికీ అనిపించదు తల్లీ అన్నారు.

“మీకు కడుపులో గడ్డ లేచిందనుకోండి. బొమ్మల మీద కోత నేర్చుకున్న డాక్టరు దగ్గరికి వెళతారా, మనిషిని ఎరిగిన డాక్టరు దగ్గరికి వెళతారా?”

పిన్ని తలపట్టుకుంది. అమ్మగారి చిరునవ్వు చెదరలేదు. కాకపోతే చేతిలోని కప్పును కింద పెట్టేశారు.

“నీ కోపం నాకు అర్థమవుతుంది. మీ నాన్నగారు నా ముందు కూర్చుని పసిపిల్లాడిలా ఏడ్చారు కాబట్టే, గడువు దాటినా నీకు చోటిచ్చాను. కన్నతల్లి ఇంకా ఆ తొట్టిలోనే ఉండగా ఏ బిడ్డ ఆ గదిలో అడుగుపెట్టగలదు చెప్పు. అందులోనూ ఈ ఏడాది మీ తరగతి బల్లల మీదికే వస్తుందంటే.”

“అమ్మగారూ,” అన్నాడు నాన్న. ఆపమని అనడానికి అప్పటికే ఆలస్యమైపోయింది.

“ఇంట్లో చెప్పలేదా? తెలిసే ఉంటుందనుకున్నాను,” అన్నారు అమ్మగారు. తెలియదని ఆమెకు బాగా తెలుసు. మూడో మనిషికి పొక్కనివ్వనని మాట ఇచ్చిందీ ఆమే.

ముందు అడిగింది పిన్ని.

“చెట్టు మొదట్లో కలిపారన్నావు కదా బావా?”

నాన్న తల ఎత్తలేదు.

“ఏడాదికి పైగా నీళ్ళు పోస్తున్నాను. నువ్వు చూస్తూనే ఉన్నావు. సీసా ఖాళీగా ఉంటే నువ్వే నింపి ఇచ్చావు ఒకటి రెండుసార్లు.”

డాక్టరమ్మ లేచి వచ్చి నాన్న ఎదురుగా కూర్చుంది. ఆమె గొంతులో ఉద్రేకం లేదు. రోగిని ఎక్కడ నొప్పి అని అడుగుతున్నట్టుగా ఉంది.

“చివరి తొట్టిలోనా?”

ఆయన అవునన్నట్టు కళ్ళు మూసి తెరిచాడు.

తర్వాత ఆయన చెప్పింది ముక్కలు ముక్కలుగా వచ్చింది. మొదటి ఏడాది అమ్మ వంతు వచ్చినప్పుడు మూత తీయబోయాడు, చెయ్యి ఆడలేదు. ఇంకో దేహాన్ని బల్ల మీదికి పంపి, వచ్చే ఏడు చూద్దాంలే అనుకున్నాడు. ఇంట్లో రోజూ ఆ సంగతి అడుగుతుంటే, అయిపోయిందని చెప్పేశాడు. రెండో ఏడూ అంతే చేసి, ఆమెను చివరి తొట్టికి మార్చాడు. ఏడుస్తూ వచ్చే కుటుంబాలను కూర్చోబెట్టి, ఇంతకన్నా గొప్ప దానం లేదు, ధైర్యంగా ఇవ్వండి అని ఇన్నేళ్ళూ చెప్పింది ఆయనే. తన దాకా వచ్చేసరికి ఆ మాటలు ఒక్కటీ పనిచేయలేదు. బల్ల చుట్టూ మూగే కుర్రాళ్ళు ఎలా చూస్తారో, ఎప్పుడు ఏమని నవ్వుకుంటారో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

ఇప్పుడు విభాగానికి కొత్త పెద్ద వచ్చింది. అన్నిటికన్నా ముందు చేరినవే ముందు వాడాలంది, నంబర్లు తనే వచ్చి చూసుకుంది. ఆ నంబరు ఎవరిదో నాన్న నోరు విప్పితే దాచిన సంగతి బయటపడుతుంది, ఉద్యోగం ఊడుతుంది. విప్పకపోతే ఈసారి బల్ల తప్పదు. అమ్మను తప్పించడం ఆయన చేతిలో లేదు. కూతుర్ని తప్పించడం ఒక్కటే ఉంది.

“అందుకని నేను చాలనన్నావు,” అంది డాక్టరమ్మ.

“ఇంకేం చెబితే ఆగేదానివి?”

“చాలనిది నువ్వు నాన్నా. అమ్మ ఇచ్చేసింది. నువ్వు ఇవ్వలేదు. రెండేళ్ళు అమ్మని ఎవరికీ పనికిరాకుండా మూలన పడేశావు. మట్టిలో పెట్టనూ లేదు, ఎవర్నీ చదువుకోనివ్వనూ లేదు.”

అమ్మగారు గోడ గడియారం వైపు చూశారు. ఇంటి విషయాల్లో తాను కలగజేసుకోనన్నారు. కలగజేసుకోనంటూనే, డాక్టరమ్మ తమ దగ్గర చేరితే వాళ్ళమ్మను అక్కడినుంచి విడిపించి, మఠం స్మశానంలో గౌరవంగా సమాధి చేయించే ప్రయత్నం చేస్తామన్నారు. పెద్ద యూనివర్సిటీ పెద్దల దగ్గర తమ మాటకు విలువ ఉందట.

“మీ నాన్నగారి పొరపాటు ఎవరికీ తెలియకుండానే అంతా జరిగిపోతుంది. అలా కాదంటే మాత్రం, తెలిసిన సంగతిని తెలియనట్టు ఉండడం మా నియమాలకు కాస్త కష్టం.”

అంత మెత్తగా చెప్పిన బెదిరింపు ఆ గదిలో ఎవరూ అంతకుముందు విని ఉండరు. డాక్టరమ్మకు విషయం అద్దంలో కనబడినట్టు కనబడింది. గుట్ట ఎక్కితే అమ్మకు సమాధి, నాన్నకు ఉద్యోగం, పిన్నికి మనశ్శాంతి. ఎక్కకపోతే తొలి తరగతిలో, స్టీలు బల్ల మీద, నంబరు బిళ్ళతో అమ్మ. నాన్న అన్నది నిజమే కావచ్చు, తాను కక్కుకునే రకమే కావచ్చు. తన భయం తనకు తెలిసినకొద్దీ, ఎదురుగా తలవంచుకు కూర్చున్న మనిషి మీద ఆమెకు కసి పెరిగింది.

పిన్ని వైపు చూసింది. ఆమె తన కాళ్ళు పట్టుకుని బతిమాలుతుందని ఎదురుచూసింది. రెండేళ్ళుగా పిన్ని కుమిలేది ఆ సమాధి లేదనే.

పిన్ని లేచి, మంచం మీది ఇస్త్రీ బట్టల దొంతర రెండు చేతులతో ఎత్తి, తెచ్చి అమ్మగారి ఒళ్ళో పెట్టింది.

“మీవి మీరు తీసుకెళ్ళండమ్మా. మిగతావి రేపు మీ డ్రైవరుకి ఇచ్చేస్తాను.”

ఆ తర్వాత బావ వైపు తిరిగింది. ఆ నిమిషాన ఆమెకు అక్క సమాధి అక్కర్లేకపోయింది. ఎదుటి మనిషి ముఖం ఎంత మాడుతుందో చూడాలన్న కోరికే మిగిలింది.

“మా అక్క నీ చేతులమీదుగా సీటడిగింది బావా. రెండేళ్ళు తిప్పావు. ఇక ఇప్పించు.”

అమ్మగారు ఒళ్ళోని బట్టలతో లేచారు. చిరునవ్వు అలాగే ఉంది కానీ కళ్ళలోకి రాలేదు. దేవుడు మీ అందరికీ మంచి బుద్ధి ఇచ్చుగాక అని, గుమ్మం దాటారు. కాసేపటికి కారు కదిలిన చప్పుడు వినిపించింది.

“మొదటిరోజు ఆ మూత తీసేది నువ్వే,” అంది డాక్టరమ్మ నాన్నతో. “నేను పక్కనే నిలబడతాను. ఎవరు పరిగెత్తుతారో చూద్దాం.”

“నావల్ల కాదు తల్లీ,” అన్నాడు నాన్న. “నన్ను తిట్టు, కొట్టు. అది మాత్రం అడక్కు.”

“ఇప్పుడు అడుగుతున్నది సంతకమే. పద.”

ఆయన లేవలేదు. గుమ్మం దగ్గరి బూట్లు పిన్నే తెచ్చి ఆయన కాళ్ళ ముందు పెట్టింది. ఆయన కాళ్ళు వాటిలో దూర్చాడు కానీ లేసులు కట్టుకోలేకపోయాడు. ఇన్నేళ్ళలో ఎందరి చీలమండలకో బిళ్ళలు కట్టిన వేళ్ళు, ఒక్క లేసు కొసను పట్టుకోవడానికి రెండుసార్లు తడుముకున్నాయి.

డాక్టరమ్మ కిందికి వంగి మోకాలి మీద కూర్చుంది. పొద్దున పడిన మోకాలే, ఇంకా సలుపుతోంది. కుడి బూటు లేసు అందుకుని కట్టింది, తర్వాత ఎడమది. కొసలు రెండూ గట్టిగా లాగింది. ఆమె వేళ్ళు ఎటు తిరిగి ఎటు మళ్ళాయో పైనుంచి నాన్న చూస్తూనే ఉన్నాడు. అది ఏ ముడో ఆయనకు చెప్పక్కర్లేదు. ఇక ఆ బూట్లు విప్పాలంటే కత్తెర కావాలి.

“లే నాన్నా. కౌంటరు మూసేస్తారు.”

లేవడానికి ఆసరాగా నాన్న ఆమె భుజం మీద చెయ్యి వేయబోయాడు. డాక్టరమ్మ భుజం పక్కకు తీసుకుంది.